గ్రహణం వేళ మెదడు కొలత

పేరయ్య కంటితో చూసి ఏదీ నమ్మడు. కొలిచి నమ్ముతాడు. బహ్రెయిన్ దేశంలో, సల్మాబాద్‌లో ఏసీలు బాగుచేసే వర్క్‌షాపులో ఏడేళ్ళుగా పనిచేస్తున్నాడు. జేబులో స్క్రూడ్రైవర్ ఉన్నా లేకపోయినా మూడు మీటర్ల టేపు మాత్రం ఉండాల్సిందే. వచ్చిన కొత్తలో కంపెనీ కార్మికుల క్యాంపులో మంచం ఇస్తే ముందు మంచాన్ని కొలిచాడు, తర్వాత గదిని, ఆ తర్వాత తనని తాను కొలుచుకున్నాడు. మూడూ ఒకదాన్లో ఒకటి పడతాయని లెక్క తేలాకే పడుకున్నాడు.

పెళ్ళిచూపుల్లో అమ్మాయి ఎత్తెంత అని అడిగితే శ్రీదుర్గ తండ్రి ఐదడుగుల రెండంగుళాలని చెప్పాడు. పెళ్ళయిన నాలుగో రోజు గోడకి నిలబెట్టి చూస్తే ఐదడుగుల అంగుళంన్నర వచ్చింది. ఆ అరంగుళం సంగతి మావగారి దగ్గర ఇంతవరకూ ఎత్తలేదు. అది తన మంచితనమని పేరయ్య నమ్మకం.

అమలాపురంలో బీయస్సీ చదివాడు. ఏదో ఒక హైస్కూల్లో ఫిజిక్సు మేష్టారు కావాలని కోరిక. బీఎడ్ సీటు రెండుసార్లు దగ్గరదాకా వచ్చి తప్పిపోయింది. చివరికి ఒక ఏజెంటు పుణ్యమా అని బహ్రెయిన్ చేరాడు. వీసా మీద ‘ఏసీ హెల్పర్’ అని ఉంది. హెల్పరంటే మెకానిక్కుకి సామాన్లు అందించేవాడని కంపెనీ ఉద్దేశం. మెకానిక్కుకి సిద్ధాంతం అందించేవాడని పేరయ్య ఉద్దేశం. ఒకసారి మూడో అంతస్తుకి కంప్రెసరు మోసుకెళ్తూ సగం మెట్ల మీద ఆగి, వాయువుని నొక్కితే ఎందుకు వేడెక్కుతుందో వివరించడం మొదలుపెట్టాడు. కంప్రెసరు రెండో వైపు పట్టుకున్న లచ్చన్నది జగిత్యాల దగ్గర పల్లె. అతను చెమటలు కారుతుంటే కాసేపు ఓపిక పట్టాడు.

“పేరన్నా, ఇది గాలి ముచ్చట కాదు, ఇనుం ముచ్చట. ముందుగాల ఎత్తు. పైకి పోయినంక జెప్పుదువు,” అన్నాడు.

పైకి పోయాక పేరయ్య నిజంగానే మిగతాది చెప్పాడు.

శ్రీదుర్గ సనాబిస్‌లో ఒక అరబ్బు ఇంట్లో పిల్లల్ని చూసుకుంటుంది. ఆ ఇంటి వెనక గది మొగుడూ పెళ్ళాలకి ఇచ్చారు. పేరయ్య పొద్దున్నే కంపెనీ బస్సెక్కి సల్మాబాద్ వెళ్ళి సాయంత్రానికి తిరిగొస్తాడు. అదే ఇంట్లో వంట చేసే బుల్లెమ్మది పాలకొల్లు. పదిహేనేళ్ళ నించీ ఈ దేశంలోనే ఉంది. ఎవరికి ఏ జబ్బు చేసినా, ఎవరు ఏ బిడ్డని కన్నా, ఆవిడ అడక్కుండానే సలహా చెబుతుంది. శ్రీదుర్గ ఆవిణ్ణి పిన్నీ అని పిలుస్తుంది. పేరయ్య మాత్రం ఆవిడ చెప్పేవన్నీ ఋజువు లేని మాటలని మనసులో ఒక పక్కకి నెట్టేసి, బయటకి బుల్లెమ్మ గారూ అంటాడు.

తొంభైతొమ్మిది వేసవిలో శ్రీదుర్గకి ఆరో నెల వచ్చింది. జూలైలో ఆసుపత్రిలో స్కానింగు తీశారు. తీసిన డాక్టరు పేరు బుదూర్. ఇక్కడి మనిషే. విదేశంలో ఈ చదువు చదివి ఈమధ్యే తిరిగొచ్చింది. చాలాసేపు తెర వైపు చూసి, తర్వాత నెమ్మదిగా, పేరయ్యకి అర్థమయ్యే ఇంగ్లీషులో చెప్పింది.

“బిడ్డ మెదడు మధ్యలో నీళ్ళుండే అరలుంటాయి. వాటి వెడల్పు పది మిల్లీమీటర్ల లోపు ఉండాలి. మీ బిడ్డకి పదిన్నర కనిపిస్తోంది. చాలామందిలో అదే సర్దుకుంటుంది. కంగారు పడొద్దు.”

ఇంకెవరికైనా ఆ మాటల్లో చివరి ముక్క వినిపించి ఉండేది. పేరయ్యకి పదిన్నర ఒక్కటే వినిపించింది. మిగతా ఇంగ్లీషు అంతా గాల్లో కలిసిపోయింది. అర మిల్లీమీటరు అంటే రెండు పోస్టుకార్డులు ఒకదాని మీద ఒకటి పెట్టినంత. ఆ రెండు పోస్టుకార్డులు అతని గుండెల మీద బండరాళ్ళై కూర్చున్నాయి.

ఆ వచ్చిన శుక్రవారం హూరా వెళ్ళి, పాత పుస్తకాల కొట్లో ఎవరో నర్సు అమ్మేసి పోయిన ప్రసూతిశాస్త్రం పుస్తకం ఒకటి తెచ్చాడు. మెదడు గురించి అందులో పద్దెనిమిది పేజీలున్నాయి. పద్దెనిమిది పేజీల్లో ఉన్న జబ్బులన్నీ తన బిడ్డకి ఉన్నట్టే తోచింది. ఒక పేజీలో ఆ జబ్బు ఆడపిల్లలకి రాదని రాసి ఉంటే అప్పటికప్పుడు ఆడపిల్ల పుట్టాలని కోరుకున్నాడు. తర్వాతి పేజీలోని జబ్బు మగపిల్లలకి రాదని ఉంది. వారాల వారీగా ఏ కొలత ఎంతుండాలో చూపే గీతల పటాన్ని జిరాక్సు తీయించి క్యాలెండరు పక్కన అంటించాడు. స్కానింగు కాగితం వర్క్‌షాపుకి పట్టుకెళ్ళి, రాగి గొట్టాల మందం చూసే వెర్నియర్ కాలిపర్స్ దాని మీద పెట్టాడు. బొమ్మలో బిడ్డ తలే రెండంగుళాలుంది. దాన్ని అసలు తల పరిమాణానికి మార్చి గుణిస్తే నీటి అర పన్నెండు మిల్లీమీటర్ల పైన తేలింది. ఆ కాగితం మీద అంత సన్నని కొలత తీయడం కుదరదని చదువుకున్న మనిషికి తెలియదా? తెలుసు. ఇంకెవరైనా తీసి ఉంటే నవ్వేవాడే.

లచ్చన్న భుజం మీంచి తొంగి చూశాడు.

“గదేంది పేరన్నా, పొట్టల పోరని మెదడు గూడ గొలుస్తున్నవా?”

“సరిగ్గా ఉందో లేదో తెలియాలిగా లచ్చన్నా.”

“మా ఇంటిది నలుగుర్ని గన్నది. ఒక్కని తలకాయ గూడ గొల్వలే. టోపీ పట్టిందంటే మంచిదే అనుకున్నం. నేను దుబాయికొచ్చినంక పుట్టినోని తలకాయ నేనింక సూడనే లే.” గల్ఫులో ఏ దేశమైనా లచ్చన్నకి దుబాయే. అతను నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, “ఏం గాదు, ఊకో,” అన్నాడు.

ఇంట్లో శ్రీదుర్గ కూడా గమనిస్తూనే ఉంది. మొగుడు అన్నం తింటూ గోడ మీది గీతల పటం వైపే చూస్తున్నాడు. తను అటు తిరిగితే తన కడుపు వైపు చూస్తున్నాడు.

“ఏవండీ, నా కడుపులో ఉన్నది బిడ్డా, ఏసీ పార్టా?” అంది ఒకరోజు ఉండబట్టలేక.

“అదేం మాట?”

“మరి గ్యాసు లీకైనట్టు చూత్తారేటండీ ఎప్పుడూ?”

ఇంత సైన్సు మధ్యలో పేరయ్య ఇంకో పని కూడా చేశాడు. దాన్ని గురించి తనలో తానైనా చర్చించుకోలేదు. ఫోన్లో తల్లితో ఏడ్చినంత పని చేస్తే, ఆవిడ ఎవరో స్వామి దగ్గర తాయెత్తు కట్టించి, సెలవు నించి తిరిగొస్తున్న పక్క ఊరి సోమరాజు చేతికిచ్చి పంపింది. చింతగింజంత ఎర్రగుడ్డ మూట. చుట్టూ గట్టిగా కుట్టేసి ఉంది. అమ్మ తృప్తి కోసమని పేరయ్య దానికి నల్లతాడు తగిలించి స్వయంగా శ్రీదుర్గ నడుముకి కట్టాడు.

“పురుడొచ్చేదాకా విప్పకు. ఎవరికీ చెప్పకు. మరీ ముఖ్యంగా బుల్లెమ్మ గారికీ, లచ్చన్నకీ తెలియకూడదు,” అన్నాడు.

“ఇందులో ఏముందండీ?”

“విభూది అయ్యుంటుంది.”

విప్పి చూడొచ్చు. విప్పక్కర్లేదు, తన దగ్గరున్న పాత స్పీకరు అయస్కాంతం దగ్గర పెట్టినా ఇనుముందో లేదో తెలిసేది. కానీ మంత్రించి కట్టినదాన్ని పరీక్షకి పెడితే ఫలితం పోతుందేమోనని అనిపించింది. జీవితంలో పేరయ్య కొలవకుండా, తూచకుండా, పరీక్షించకుండా నమ్మిన వస్తువు అదొక్కటే.

ఆగస్టు మొదటి వారంలో డాక్టర్ బుదూర్ కబురు పెట్టింది. ఆసుపత్రిలో ఉన్న ఎం.ఆర్.ఐ. యంత్రానికి కొత్త పద్ధతి వచ్చిందట. ఒక్కో బొమ్మ సెకను లోపే తీస్తుందట. బిడ్డ కదిలే లోపల మెదడు బొమ్మ పట్టేయొచ్చు. స్కానింగులో తేలనిది అందులో తేలుతుంది. పదకొండో తారీకు బుధవారం మధ్యాహ్నం రెండు గంటలకి రమ్మంది. మర్నాడు తను సెలవు మీద వెళ్తోంది. ఆ యంత్రం తీసే కడుపులోని బిడ్డ బొమ్మలు చదవగలిగింది ప్రస్తుతానికి తనొక్కతే.

పేరయ్య ఎగిరి గంతేశాడు. బుల్లెమ్మ మాత్రం చేతిలో గరిటె పొయ్యి పక్కన పెట్టేసింది.

“పదకొండా? ఆ మజ్జాన్నం సూర్యగ్రహణం కదయ్యా! కడుపుతో ఉన్నదాన్ని గడప దాటిత్తావా?”

ఇలాంటి అవకాశం కోసమే పేరయ్య ఏడేళ్ళ నించీ కాచుకున్నాడు. ఒక ఉల్లిపాయ తీసి సూర్యుడన్నాడు, నిమ్మకాయని చంద్రుడన్నాడు, బుల్లెమ్మ తలని భూమి అన్నాడు. నిమ్మకాయని ఉల్లిపాయకి అడ్డం తిప్పి చూపించాడు. “చూశారా? నీడ. ఇంతే గ్రహణం. దీనికీ కడుపులో బిడ్డకీ ఏమిటి సంబంధం?”

బుల్లెమ్మ ఉల్లిపాయ లాక్కుంది. “అడ్డం వచ్చేది ఎవరైతే నాకేటయ్యా? మొర్రి వచ్చేది నీ బిడ్డకి కదా!”

“అదంతా మూఢనమ్మకం.”

“నమ్మకమో కాదో. గ్రహణం పట్టి విడిచేదాకా కడుపుతో ఉన్న మనిషి తలుపులేసిన గదిలో ఎండపొడ తగలకుండా పడుకోవాలి. కదలకూడదు, గోక్కోకూడదు, కాళ్ళు ముడవకూడదు. సూది, కత్తి, పిన్నీసు, ఏదీ ఒంటి మీద ఉండకూడదు. మా అమ్మ ఇదే చెప్పింది, నేనూ ఇద్దరికి ఇదే చేసేను.”

పేరయ్య ఆసుపత్రి వాళ్ళిచ్చిన కాగితం తీశాడు. ఆవిడ నోరు మూయించాలని ఒక్కొక్క వాక్యమూ తెలుగులోకి మార్చి గట్టిగా చదివాడు. పేషెంటును మూసిన గదిలో గొట్టంలాంటి యంత్రంలో పడుకోబెడతారు. వెలుతురు తక్కువగా ఉంటుంది. అరగంట సేపు కదలకూడదు. కాళ్ళూ చేతులూ ముడవకూడదు. పిన్నులు, ఆభరణాలు, ఏ లోహమూ ఒంటి మీద ఉండకూడదు.

చదువుతున్నకొద్దీ అతని గొంతు తగ్గింది. బుల్లెమ్మ మొహం వికసించింది.

“ఆ కాయితం రాసినోళ్ళెవరయ్యా? మనోళ్ళేనా?”

“కాదండీ. ఇది వేరే సంగతి. ఇది అయస్కాంత క్షేత్రం గురించి...”

“ఏ క్షేత్రమైతేనేం! గ్రహణం గది ప్రత్యేకంగా కట్టి పెట్టేరన్న మాట. మనింట్లో కన్నా అక్కడే మేలు. అమ్మాయ్ దుర్గా, పద, నేనూ వత్తాను. ఇంటి మేడంని సెలవడుగుతాను.”

అలా ఒకే కాగితానికి ఇద్దరూ ఒప్పుకున్నారు. ఒప్పుకున్నందుకు పేరయ్యకి సంతోషమైంది గానీ, ఆవిడ ఒప్పుకున్న కారణం మాత్రం గొంతులో ముల్లులా ఉండిపోయింది.

బుధవారం పొద్దున పేరయ్య డ్యూటీకి సెలవు పెట్టి స్పీకరు అయస్కాంతంతో తనిఖీ మొదలుపెట్టాడు. తలపిన్నులు అంటుకున్నాయి, పక్కన పెట్టించాడు. జాకెట్టు హుక్కులు అంటుకున్నాయి. ఆసుపత్రి గౌను ఇస్తారులే అనుకున్నాడు. మెట్టెలు అంటుకోలేదు, అయినా తీయించాడు. సూత్రాలు తీయాలనేసరికి బుల్లెమ్మ ఎక్కణ్ణించో పసుపుకొమ్ము తెచ్చి దారానికి గుచ్చి శ్రీదుర్గ మెళ్ళో కట్టింది. పేరయ్య పసుపుకొమ్ముకి కూడా అయస్కాంతం పెట్టి చూశాడు. తల నించి కాళ్ళదాకా చూసి, నడుము దగ్గరికి వచ్చేసరికి ఎందుకో టైమైపోతోందన్నాడు.

శ్రీదుర్గ అతని మొహం వైపు చూసింది. అతను గడియారం వైపు చూశాడు. ఎవరికీ చెప్పొద్దని పేరయ్యే అన్నాడు గనక, తనకి తాను కూడా చెప్పుకోలేదన్నమాట.

ఆసుపత్రిలో ఎం.ఆర్.ఐ. యంత్రం నడిపేది జోయికుట్టి అనే మలయాళీ. డాక్టర్ బుదూర్ అప్పటికే తెర ముందు కూర్చుని ఉంది. నర్సు శ్రీదుర్గకి గౌను తొడిగించి, నగలేమైనా ఉన్నాయా అని సైగలతో అడిగింది. శ్రీదుర్గ ఖాళీ చేతులు, ఖాళీ చెవులు చూపించింది. తాయెత్తు నగ కాదు కదా. లోపలికి తీసుకెళ్ళారు. బుల్లెమ్మ గుమ్మం దగ్గర బల్ల మీద కూర్చుంది. పేరయ్య తను ఫిజిక్సు చదివానని మూడుసార్లు చెప్పాక డాక్టరు అతన్ని తెర దగ్గరికి రానిచ్చింది.

బయట ఎండ పసుపు తగ్గి బూడిదరంగుకి తిరిగింది. లోపల యంత్రం టకటకమని కొట్టడం మొదలుపెట్టింది.

మొదటి బొమ్మ తెర మీదికి వచ్చింది. శ్రీదుర్గ వెన్నెముక కనబడింది. కడుపు గుండ్రని అంచు కనబడింది. లోపల బిడ్డ వీపు వంపు, ముడుచుకున్న ఒక కాలు. పేరయ్య కిందికి చూశాడు, తల కోసం.

తల లేదు.

తల ఉండాల్సిన చోట సిరా ఒలికినట్టు నల్లటి గుండ్రం ఉంది. దాని అంచు తెల్లగా మెరుస్తోంది. పేరయ్య పుస్తకంలోని పద్దెనిమిది పేజీలు గిర్రున తిరిగాయి. ఇలాంటిది ఏ పేజీలోనూ లేదు. పదిన్నర పెరిగి పెరిగి తలనే మింగేసిందనుకున్నాడు. చెయ్యి అలవాటు కొద్దీ జేబులోకి పోయింది. టేపు తగిలింది. దాన్ని పట్టుకుని అలాగే నిలబడ్డాడు. కొలవడానికి అక్కడేమీ లేదు.

“మేడం,” అన్నాడు. “తల... నా బిడ్డ తల ఏదీ?”

డాక్టర్ బుదూర్ తెర వైపు ఒక్క క్షణం చూసి చెయ్యెత్తింది. జోయికుట్టి యంత్రం ఆపాడు.

“ఇది బిడ్డ కాదు. ఇది ఇనుము,” అందావిడ. “ఆమె ఒంటి మీద ఎక్కడో ఇనుము ఉంది. అది ఉన్నచోట బొమ్మ చెడిపోతుంది. అడుగు, మీ భాషలో అడుగు.” మైకు బటను చూపించింది.

పేరయ్య బటను నొక్కాడు. “దుర్గా, ఒంటి మీద ఏమైనా ఉందా?”

లోపలి నించి శ్రీదుర్గ గొంతు గది నిండా వినిపించింది. “నడుం దగ్గర ఏదో లాగిందండీ. పిన్ని కదలొద్దందని కదల్లేదు.”

“ఏముంది అక్కడ?”

“మీరు ఎవరికీ చెప్పొద్దన్నారు కదండీ! ఇప్పుడు చెప్పొచ్చా?”

తెరుచుకున్న తలుపులోంచి బుల్లెమ్మ తల లోపలికి వచ్చింది. “ఏటి చెప్పొద్దన్నాడు?”

నర్సు లోపలికెళ్ళి శ్రీదుర్గని గొట్టంలోంచి బయటికి జరిపించి, తాయెత్తు విప్పి గుప్పిట్లో గట్టిగా పట్టుకుని తెచ్చింది. కడుపు పెరిగేకొద్దీ నడుము తాడు కిందికి జారి, సరిగ్గా బిడ్డ తల ఎదుట ఆగింది. డాక్టరు కత్తెరతో కుట్లు విప్పింది. విభూది లేదు. గోరంత గుర్రపునాడా ముక్క ఉంది.

పేరయ్య ఎందుకు చేశాడో తెలియదు గానీ, బయట బుల్లెమ్మ దగ్గరున్న సంచిలోంచి స్పీకరు అయస్కాంతం తెచ్చి దగ్గర పెట్టాడు. ముక్క చటుక్కున ఎగిరి అంటుకుంది.

జోయికుట్టి కుర్చీ వెనక్కి వాలాడు. “క్యా భాయ్, నువ్వు ఫిజిక్సు పాసయ్యానన్నావే! ఫస్టు క్లాసా?”

“సెకండు,” అన్నాడు పేరయ్య నిజాయితీగా.

“పెద్ద ముక్కయితే ఆమెకి గాయమయ్యేది,” అంది డాక్టర్ బుదూర్. ఆవిడ నవ్వలేదు. “చదువుకున్నవాళ్ళు దాచినంతగా ఎవరూ దాచరు. మళ్ళీ పడుకోబెట్టండి.”

బుల్లెమ్మ మళ్ళీ బల్ల మీద కూర్చుని అంది, పెద్దగా అరవకుండా. “నేను గ్రహణానికి దడిసేను గానీ దాచుకోలేదయ్యా. నలుగురికీ చెప్పి మరీ దడిసేను. నువ్వు దడిసి దాచేవు. ఉల్లిపాయ తిప్పడం కాదు, ఆ పిల్ల నడుం చూసుకోవాలి.”

పేరయ్య అయస్కాంతం మీంచి ఇనుపముక్క పీకే పనిలో పడ్డాడు. ఆవిడ అది చూసి, “సరేలే, తండ్రి మనసు. కూకో,” అని బల్ల మీద చోటిచ్చింది. అతను కూర్చోలేదు, తెర దగ్గరికే వెళ్ళాడు.

రెండోసారి తల కనబడింది. కానీ నిలవలేదు. గ్రహణం నియమం తల్లి పాటించింది గానీ బిడ్డ పాటించలేదు. ఒక బొమ్మలో ఇటు తిరిగితే ఇంకో బొమ్మలో అటు తిరిగింది, మూడోదాంట్లో పిడికిలి మొహానికి అడ్డం పెట్టుకుంది. జోయికుట్టి “యల్లా, యల్లా, బేబీ, సో జా” అంటూ పడుకోమని తెరని బతిమాలాడు. ఇరవై నిమిషాలు అలాగే గడిచాయి. తర్వాత ఎందుకో బిడ్డ అలసి ఆగింది. అదే అదననుకుని యంత్రం టకటకలాడి వరసగా బొమ్మలు తీసింది.

“ఖలాస్,” అన్నాడు జోయికుట్టి.

తెర మీద మెదడు కనిపించింది. అరచేతిలో పట్టేంత మెదడు. మధ్యలో రెండు నీటి అరలు తెల్లగా ఉన్నాయి, రెండు రెక్కల్లా. డాక్టర్ బుదూర్ ఒక అంచు మీద గుర్తు పెట్టి రెండో అంచుదాకా గీత లాగింది. తొమ్మిది పాయింట్ ఏడు.

“పది లోపే,” అంది.

“కానీ మొదట పదిన్నర వచ్చింది కదా మేడం? ఏది నిజం? ఇంకొక్కసారి కొలవండి.”

ఆవిడ లేచి తన కుర్చీ అతనికిచ్చింది. “నువ్వే కొలిచి చూడు.”

జీవితమంతా ఆ మాట కోసమే ఎదురుచూసినట్టు పేరయ్య కూర్చున్నాడు. మౌసు పట్టుకున్నాడు. గీత లాగాడు. ఎనిమిది పాయింట్ ఎనిమిది. కాదనుకుని మళ్ళీ లాగాడు. పది పాయింట్ తొమ్మిది. నుదుటి మీద చెమట తుడుచుకుని మూడోసారి లాగాడు. తొమ్మిది పాయింట్ రెండు. అదే బొమ్మ, అవే అంచులు, అదే చెయ్యి. వేల రాగి గొట్టాల్ని కొలిచిన చెయ్యి.

“మెదడు మారుతోందా?” అంది డాక్టరు.

“లేదు మేడం. చెయ్యి వణుకుతోంది.”

“అందుకే వెడల్పు ఒక్కటే చూడను. ఇటు చూడు.” పక్క బొమ్మ తెచ్చింది. “ఆరో నెల ముందు మెదడు పైభాగం నున్నగా ఉంటుంది, తొక్క తీసిన వేరుశెనగపప్పులాగా. తర్వాత వారాలు గడిచేకొద్దీ ముడతలు పడతాయి. ఏ వారానికి ఏ ముడత రావాలో ఒక వరస ఉంది. ఇరవయ్యెనిమిదో వారానికి ఈ పక్కన లోయ ఉండాలి. ఉంది. ఇక్కడ ఈ గాడి ఉండాలి. ఉంది. రెండు వైపులా సమానంగా ఉన్నాయి. మధ్యలో రెండు సగాల్నీ కలిపే వంతెన ఉండాలి. అదిగో. మీ బిడ్డ మెదడు వారాలకి తగ్గట్టే పెరుగుతోంది.”

పేరయ్య ఆ గాడి వైపు చూశాడు. సన్నని నల్లగీత. తన బిడ్డ ఎవరి సాయమూ లేకుండా, ఎవరూ కొలవకుండా, చీకట్లో తనంతట తాను వేసుకున్న మడత. కళ్ళు మసకబారితే తెర మీద దుమ్ముందనుకుని చొక్కా అంచుతో తెర తుడిచాడు. జోయికుట్టి ఆపబోయాడు గానీ డాక్టరు వద్దని సైగ చేసింది.

“అయితే నూటికి నూరుపాళ్ళూ బాగున్నట్టేనా మేడం?” అన్నాడు చివరికి.

“నువ్వు ఏసీ బాగుచేస్తే ఎన్నాళ్ళు గ్యారంటీ ఇస్తావు?”

“మూడు నెలలు.”

“నేనూ మూడు నెలలకే ఇస్తాను. ఆలోపు పుడుతుంది. పుట్టాక మళ్ళీ చూద్దాం.” ఈసారి ఆవిడ నవ్వింది.

శ్రీదుర్గ చీర కట్టుకుని బయటకి వచ్చింది. గంటన్నర బిగబట్టి పడుకున్నందుకు నడుము పట్టేసింది. బుల్లెమ్మ ఎదురెళ్ళి మెడలో పసుపుకొమ్ము సరిచేసింది.

“ఏమన్నారే?”

“మెదడు వారాలకి తగ్గట్టు ఉందంట పిన్నీ.”

“మీ ఆయనదా, బిడ్డదా?”

“బిడ్డదే. ఆయనది తియ్యలేదు.”

ఇద్దరూ నవ్వుతుంటే పేరయ్యకి కోపం రాలేదు. రావాలని కూడా అనిపించలేదు. మొహం కడుక్కుని వస్తూ ఆసుపత్రి క్యాంటీన్లో రెండు సమోసాలు కనిపిస్తే కాగితంలో కట్టించుకుని తెచ్చాడు. శ్రీదుర్గ పొద్దున్నించీ ఏమీ తినలేదని అప్పుడే గుర్తొచ్చింది. వరండాలోకి వచ్చారు. అద్దాల బయట కార్లూ ఖర్జూరం చెట్లూ అన్నీ పలచటి నీడలో ఉన్నాయి. ఎండ ఇంకా పూర్తిగా తిరిగి రాలేదు.

శ్రీదుర్గ పొట్లం అందుకోబోయింది. పేరయ్య చెయ్యి ఎందుకో కొద్దిగా వెనక్కి జరిగింది.

“ఇంకో అరగంటలో విడుస్తుందట. పేపర్లో వేశారు,” అన్నాడు మెల్లగా, ఎటో చూస్తూ. “ఎలాగూ ఇంతసేపు ఆగావు కదా...”

శ్రీదుర్గ అతన్ని తేరిపార చూసింది. ఆ చూపులో కోపం లేదు. ఐదడుగుల అంగుళంన్నర మనిషి తొలిసారి తననే కొలుస్తున్నట్టు అతనికి తోచింది.

“ఇద్దరం ఆకలితో ఉన్నామండీ,” అంది. “మెదడు బాగా పెరుగుతోందని డాక్టరే చెప్పింది కదా. ఆ మెదడే ఇప్పుడు తినమంటోంది.” పొట్లం అతని చేతిలోంచి తీసుకుని, మొదటి సమోసా విరిచి, సగం నోట్లో పెట్టుకుంది. పెట్టుకోగానే కడుపు మీద చెయ్యి వేసుకుని ఆగింది. లోపలి నించి గట్టిగా తన్నినట్టుంది.

పేరయ్య బెదిరిపోయి బుల్లెమ్మ వైపు చూశాడు. ఆవిడ గోడ మీద అరబ్బీలో రాసిన బోర్డు వైపు తిరిగి, చదవడం వచ్చినట్టు దీక్షగా చూస్తోంది.

“నేనేం చూళ్ళేదు బాబూ,” అంది.

శ్రీదుర్గ నెమ్మదిగా, కడుపునిండా తింది. రెండోది సగం తినేసరికి పేరయ్యకి కూడా తను పొద్దున్నించీ మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదని తెలిసొచ్చింది. మిగిలిన ముక్క కోసం చెయ్యి చాపాడు.

శ్రీదుర్గ పొట్లం అవతలికి పెట్టింది.

“మీరు ఆగండి,” అంది. “ఇంకో అరగంటేగా.”